పాత డెంగ్యూ కడుపులో బిడ్డను జికా నుంచి కాపాడుతుందా, ముంచుతుందా?

"మూడో నెల నడుస్తోంది. నాలుగేళ్ళ కిందట డెంగ్యూ వచ్చి తగ్గింది. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాం. ఒకసారి డెంగ్యూ వచ్చినవాళ్ళకి జికా సోకితే బిడ్డకి మరీ ప్రమాదమని ఒకరంటారు, పాత డెంగ్యూయే కాపాడుతుందని ఇంకొకరంటారు. ఏది నిజం?" అని అడిగారు మీరు.

జికా కూడా డెంగ్యూలాగే దోమతో వచ్చే వైరస్, కడుపులో బిడ్డకి సోకితే తల ఎదగకుండా చేయగలదు, అందుకే ఈ భయం. కానీ ఆ పాత డెంగ్యూని తలుచుకుని నిద్ర చెడగొట్టుకోకండి. ఎలుకల్లో, గాజు పళ్ళేల్లో అది జికాని పెంచింది, నిజమే. మనుషుల్లో చూసినప్పుడు మాత్రం పెంచినట్టు కనపడలేదు, కొన్నిచోట్ల తగ్గించినట్టే కనపడింది. నన్నడిగితే మీరు పట్టించుకోవాల్సింది వేరే ఉంది. నాలుగేళ్ళ కిందట వచ్చింది డెంగ్యూయే అని చెప్పే రిపోర్టు మీ దగ్గర ఉందా? ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానో చెబుతాను.

మాది మదనపల్లె. పెళ్ళయ్యాక రామమూర్తి నగర్ వచ్చాం. 2024 ఆగస్టులో నాకు ఐదో నెల. ఆ ఏడాది డెంగ్యూ ఎలా ఉందో బెంగళూరులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మా వీధిలో ఇంటికొకరు పడుకున్నారు. దానికి తోడు ఊరి శివార్లలో జిగణి వైపు జికా కేసులు బయటపడ్డాయని టీవీల్లో ఒకటే హోరు. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం. ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు ఎర్రబడ్డాయి, రెండో రోజుకి మోచేతుల మీద సన్నగా దద్దుర్లు. కళ్ళు ఎర్రబడటం చూసి మా ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఎందుకంటే జికా లక్షణాల్లో అది కూడా ఉందని అప్పటికే చదివేసి ఉన్నారు.

దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. రక్తం తీశారు. సాయంత్రానికి రిపోర్టు: ఎన్‌ఎస్‌-1 నెగటివ్, ఐజీఎం అటూ ఇటూ కాకుండా గీత మీద, ఐజీజీ మాత్రం బాగా పాజిటివ్. ఎన్‌ఎస్‌-1 అంటే రక్తంలో తిరిగే వైరస్ ముక్క. ఐజీఎం, ఐజీజీ అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలు, మొదటిది కొత్తగా పుట్టేది, రెండోది ఏళ్ళ తరబడి మిగిలేది. డ్యూటీ డాక్టరు ఒక్కసారి చూసి "డెంగ్యూ అమ్మా, అడ్మిట్ అయిపోండి" అన్నాడు. మా ఆయన "జికా కాదా?" అంటే, "ఇందులో డెంగ్యూ అని వచ్చింది కదా సార్" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

నా అదృష్టం, మా గైనకాలజిస్టు మేడం రాత్రి రౌండ్స్‌కి వచ్చారు. ఆ కాగితం చూసి ఆమె అడిగిన మొదటి మాట "ఇంతకుముందు డెంగ్యూ వచ్చిందా నీకు?" నాకు ఇంటర్‌లో ఒక పెద్ద జ్వరం గుర్తుంది. అమ్మకి ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టాను. "వచ్చింది కదే, ప్లేట్‌లెట్లు పడిపోయినాయని తిరుపతి తీసుకుపోయినాం కదా" అంది అమ్మ. వెనక నుంచి మా పిన్ని, "అది డెంగ్యూ కాదక్కా, టైఫాయిడ్ అన్న్యారు, నేనే కదా మాత్రలు తెచ్చింది" అంది. "నీకేం తెలుసే, నువ్వప్పుడు పీలేరులో ఉన్న్యావు." వాళ్ళిద్దరూ అక్కడ వాదులాడుకుంటుంటే మేడం ఇక్కడ చెయ్యి నడుముకి పెట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. చివరికి అమ్మ పాత ట్రంకు పెట్టెలోంచి ఫైలు తీసి ఫోటోలు పంపింది. మందుల చీటీ మీద "వైరల్ ఫీవర్" అని రాసి ఉంది. ల్యాబ్ రిపోర్టు ఆ మెషీన్ నుంచి వచ్చే నున్నటి కాగితం మీద ఇచ్చారు, అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లగా ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే నా పేరులో సగం, ఎక్కడో "పాజి" అన్న ముక్క. ఏది పాజిటివో లేదు.

మేడం అప్పుడు మాకు విడమరిచి చెప్పారు. డెంగ్యూ, జికా, రెండూ ఒకే కుటుంబం వైరస్‌లు. ఒకసారి డెంగ్యూ వచ్చిన ఒంటికి తర్వాత దాని చుట్టం ఏది సోకినా పాత ఐజీజీ ఒక్కసారిగా లేస్తుంది, కొత్త ఐజీఎం నీరసంగా ఉంటుంది, ఒక్కోసారి అసలు రాదు. ఎన్‌ఎస్‌-1 కూడా రెండోసారి వచ్చినప్పుడు తొందరగా కనుమరుగవుతుంది. కాబట్టి నా చేతిలో ఉన్న రిపోర్టు రెండోసారి వచ్చిన డెంగ్యూ అయినా అదే, మొదటిసారి వచ్చిన జికా అయినా ఇంచుమించు అదే. తేల్చేది వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష ఒక్కటే, అది కూడా జ్వరం మొదలైన మొదటి వారంలోనే. జికాకయితే మూత్రంలో ఇంకో వారం దాకా దొరికే అవకాశం ఉంది, అందుకే రక్తంతో పాటు మూత్రం కూడా పంపాలి. ఆ రాత్రే రెండూ తీయించి పంపించారు.

రిజల్టు వచ్చేదాకా మేం గడిపిన రోజులు పగవాళ్ళకి కూడా వద్దు. మధ్యలో స్కాన్ చేశారు. తెర మీద బిడ్డ తల చుట్టూ చుక్కల గీత ఒకటి గీసి, పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె వేస్తారు. ఆ అమ్మాయి మౌస్ జరుపుతుంటే ఆ కోడిగుడ్డు ఆకారం కాస్త చిన్నదవుతుంది, కాస్త పెద్దదవుతుంది, దాంతో పాటే అంకె మారుతుంది. అది మారినప్పుడల్లా నా గుండె జారేది. "సరిగ్గా వారాలకి తగ్గట్టే ఉంది" అని ఆమె అన్నాక గానీ నేను ఊపిరి తీసుకోలేదు. చివరికి జికా నెగటివ్, డెంగ్యూ పాజిటివ్ అని వచ్చింది. సెలైన్ ఎక్కించి, పూటపూటకీ రక్తం చూసి బయటపడేశారు. పాప నిండు నెలలతో పుట్టింది.

ఇక మీరు అడిగిన దాని సంగతి. ఒకసారి డెంగ్యూ వచ్చినవాళ్ళకి వేరే రకం డెంగ్యూ వస్తే ముదిరే అవకాశం ఎక్కువని తెలుసు కదా, నాలుగు రకాలున్నాయి దానికి. పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. ఎక్కడో చూసిన ముఖమే కదా అని వాచ్‌మన్ దొంగకి గేటు తీసి, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించినట్టు, దాన్ని తీసుకెళ్ళి కణాల్లో దిగబెడతాయి. మరి డెంగ్యూ యాంటీబాడీలు జికాకి కూడా అలాగే గేటు తీస్తాయా అన్నది 2016లో అందరికీ పట్టుకున్న భయం. 2015లో బ్రెజిల్ ఈశాన్యంలో తల చిన్నదైన పిల్లలు వరసగా పుట్టారు, 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ ప్రాంతం డెంగ్యూ ఏళ్ళ తరబడి పాతుకుపోయిన ప్రాంతం. జికా 1947లో ఉగాండా అడవిలో ఒక కోతిలో దొరికింది, ఇన్నేళ్ళుగా ఎవరినీ పెద్దగా ఏమీ చేయలేదు, ఇక్కడే ఎందుకిలా చేసింది, డెంగ్యూ వల్లేనా అని అందరూ అదే పట్టుకున్నారు.

ల్యాబులో చూస్తే భయం నిజమేననిపించింది. మాయ, అంటే కడుపులో బిడ్డకి తల్లి నుంచి ఆహారం అందించే ప్లాసెంటా, దాని ముక్కలు తీసుకుని పెంచి చూశారు. డెంగ్యూ యాంటీబాడీలు కలిపితే మాయలోని కణాల్లో జికా ఇంకా బాగా పెరిగింది. చూలు ఎలుకల్లో కూడా డెంగ్యూ యాంటీబాడీలు ఉన్న తల్లుల పిల్లలకే దెబ్బ ఎక్కువ తగిలింది. తల్లి యాంటీబాడీలు బిడ్డకి చేరడానికి మాయలో ఒక దారి ఉంటుంది, వైరస్ కూడా వాటిని పట్టుకుని ఆ దారినే వెళుతోందని చెప్పారు. మీకు ఎవరో చెప్పిన "మరీ ప్రమాదం" ఇక్కడి నుంచి వచ్చిందే.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. బ్రెజిల్‌లోనే సాల్వడార్ నగరంలో పావు ద లీమా అనే ఇరుకు బస్తీ ఉంది. అక్కడి జనంలో 73 శాతం మందికి జికా సోకింది. అంతకుముందు డెంగ్యూ యాంటీబాడీలు ఎంత ఎక్కువగా ఉంటే జికా సోకే అవకాశం అంత తగ్గింది. నికరాగువాలో మనాగ్వా పిల్లల్లో కూడా, డెంగ్యూ వచ్చి ఉన్నవాళ్ళకి జికా సోకినా లక్షణాలు తక్కువ కనపడ్డాయి. గర్భిణుల సంగతి చూస్తే, రియో డి జనీరోలో పాత డెంగ్యూ యాంటీబాడీలకీ పుట్టిన బిడ్డ పరిస్థితికీ సంబంధమే కనపడలేదు. ఈశాన్య బ్రెజిల్‌లో చూస్తే, ఒకటికి మించిన రకాల డెంగ్యూ సోకిన తల్లుల పిల్లలకి జికా దెబ్బ తక్కువే తగిలింది. ఎలుకకి ఒకే రకం యాంటీబాడీని సూదితో ఎక్కించడం వేరు, ముప్ఫై ఏళ్ళు దోమల మధ్య బతికిన ఆడమనిషి ఒళ్ళు వేరు. అందుకే నేను మనుషుల లెక్కనే నమ్ముతాను.

ఇంకో సంగతి కూడా చెబుతాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రమాదం డెంగ్యూ తర్వాత వచ్చే జికాతో కాదు, జికా తర్వాత వచ్చే డెంగ్యూతో ఉంది. నికరాగువాలో జికా వచ్చి తగ్గిన పిల్లలకి తర్వాత డెంగ్యూ నాలుగు రకాల్లో రెండో నంబరుది (డెన్-2) వచ్చినప్పుడు ఎక్కువ జబ్బు చేసింది. అంటే జికాని దాటేశాం, హమ్మయ్య అనుకోవడానికి లేదు. మన దగ్గర ఈ రెండూ ఒకే దోమ మీద తిరుగుతున్నాయి. 2022 డిసెంబరులో కర్ణాటక మొదటి జికా కేసు రాయచూరు జిల్లాలో ఒక చిన్నపాపలో దొరికింది. 2023లో చిక్కబళ్ళాపుర దగ్గర తలకాయలబెట్టలో దోమల్లోనే వైరస్ దొరికింది. మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చే మాలాంటి వాళ్ళం అటు పక్కగానే కదా తిరిగేది. 2024లో పుణెలో ఎంతమంది గర్భిణులకి వచ్చిందో పేపర్లలో చూశాం. సోకిన అయిదుగురిలో నలుగురికి లక్షణమే ఉండదు, కాబట్టి కేసుల లెక్కలు చూసి తక్కువే కదా అనుకోకండి.

అందుకే రిపోర్టు అని మొత్తుకుంటున్నాను. 2017-18లో ఐసీఎంఆర్ దేశమంతా రక్తం తీసి చూస్తే దక్షిణాదిలో 76.9 శాతం మందికి అప్పటికే డెంగ్యూ సోకి ఉంది. వాళ్ళలో ఎంతమంది దగ్గర కాగితం ఉంటుంది? మన ఊళ్ళలో ప్రతి జ్వరమూ వైరల్ ఫీవరే, కాకపోతే టైఫాయిడ్. రెండు రోజుల తర్వాత తగ్గకపోతే సెలైన్, ఒక సూది. ఏ జ్వరమో రాసి ఇవ్వమంటే "తగ్గిపోయింది కదమ్మా, ఇంకెందుకు" అంటారు. ఇంకెందుకంటే, పదేళ్ళ తర్వాత ఆ అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు జ్వరం వస్తే ఆ ఒక్క మాట మీదే డాక్టరు రిపోర్టు చదువుతుంది. ప్రతి గర్భిణికీ మొదటి చెకప్‌లోనే బీపీ, షుగర్‌తో పాటు "డెంగ్యూ వచ్చిందా, ఎప్పుడు, ఏ పరీక్షలో తేలింది" అని అడిగి తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణులకి ఇచ్చే కార్డు) మీద రాయాలి. నా కార్డు మీద మేడం చేత చేత్తో రాయించుకున్నాను. మీరు కూడా రాయించుకోండి, అడిగితే ఎవరూ కాదనరు.

జ్వరం వస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే వెళ్ళండి, పీసీఆర్ కావాలని నోరు తెరిచి అడగండి. పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా మీ అంతట మీరు వేసుకోవద్దు, బ్రూఫెన్, ఆస్పిరిన్ అసలే వద్దు. అందరూ ప్లేట్‌లెట్లు, ప్లేట్‌లెట్లు అని ప్రాణం తీస్తారు. కడుపుతో ఉన్నప్పుడు అవి మామూలుగానే కొంచెం తగ్గుతాయి. అసలు చూడాల్సింది రక్తం చిక్కబడుతోందా అని. గర్భిణి రక్తం ముందే పలచబడి ఉంటుంది కాబట్టి చిక్కబడినా అంకె మామూలుగానే కనపడి మోసం చేస్తుంది. మూడో నెలలో పీసీవీ (రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) ఎంత ఉందో రాసి పెట్టుకుంటే ఏడో నెలలో జ్వరం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఉంటుంది. జ్వరం దిగిన రోజు ఇంటికి పంపించేయమని గొడవ చేయకండి, ఆ రోజూ ఆ మర్నాడే కనిపెట్టుకుని ఉండాల్సింది. బొప్పాయి ఆకు రసం గురించి మా అత్తమ్మతో నాకు పెద్ద వాదమే అయింది. బొప్పాయి పండు ముట్టుకోనివ్వని మనిషి ఆకు దంచి గ్లాసు నిండా తెచ్చారు. ప్రేమతోనే తెచ్చారు, నేను తాగలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి అది మంచి చేస్తుందని చూపించినవాళ్ళు ఎవరూ లేరు.

మీ ఆయన కేసులు ఉన్న ఊరికి వెళ్ళి వస్తే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. జికా దోమతోనే కాదు, సోకిన మగవాళ్ళ నుంచి కలయిక ద్వారా కూడా వస్తుంది. ప్రసవం అయ్యేదాకా కండోమ్ వాడమంటారు. ఈ మాట చెప్పడానికి డాక్టర్లు కూడా మొహమాటపడతారు, అందుకే నేను రాస్తున్నాను.

దోమల మాటకొస్తే నా కోపమంతా నీళ్ళ డ్రమ్ముల మీద. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి బెంగళూరు సగం ట్యాంకర్ల మీద బతికింది గుర్తుందా? అప్పుడు ప్రతి ఇంటి మెట్ల కింద నీలం డ్రమ్ములు చేరాయి. వానలొచ్చాయి, డ్రమ్ములు మాత్రం కదల్లేదు. జూన్, జులైలో డెంగ్యూ అంతలా రేగడానికి అదే కారణమని నేను ఎవరితోనైనా వాదిస్తాను. మా ఓనర్ ఆంటీ డ్రమ్ముకి మూత పెట్టి ఉంచుతారు, పాపం జాగ్రత్త మనిషే. ఆ మూత నడుమ సొట్ట, సొట్టలో గ్లాసెడు నీళ్ళు, టార్చి వేసి చూస్తే తల కిందికి వేలాడుతూ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. మూత పెట్టిన డ్రమ్ములో లేవు, మూత మీదే ఉన్నాయి. అలాగే ఫ్రిజ్ వెనక ట్రే. నీళ్ళు పారబోస్తే చాలదు, గిన్నె అంచు గట్టిగా రుద్ది కడగాలి. గుడ్లు అంచుకి అతుక్కుని నెలల తరబడి ఎండినా చావవు, మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి. వారానికోసారి చేయాలి, ఎందుకంటే గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. ఫాగింగ్ బండి వచ్చి పొగ వదిలి పోతే ఎగిరే దోమలే పడతాయి, సొట్టలో పురుగుకి ఏమీ కాదు. 2024 సెప్టెంబరులో డెంగ్యూని ఎపిడెమిక్ వ్యాధిగా ప్రకటించి, ఇంట్లో దోమలు పెరిగితే పట్టణాల్లో 400 రూపాయల జరిమానా అని రూలు పెట్టారు. మా వీధిలో ఒక్కరికి వేసినా నేను చూడలేదు. వేస్తే బాగుండు.

ఇవి పగటి దోమలు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు తెర కట్టుకోండి. ఒంటికి రాసుకునే మందుల్లో డీఈఈటీ, పికారిడిన్ ఉన్నవి కడుపుతో ఉన్నవాళ్ళు డబ్బా మీద రాసినట్టు వాడుకోవచ్చు, భయం లేదు.

చివరిగా, మీకు డెంగ్యూ వచ్చి ఉంటే అది నిజంగా లెక్కలోకి వచ్చేది బిడ్డ పుట్టాక. మీ యాంటీబాడీలు మాయలోంచి బిడ్డకి చేరతాయి. మొదటి కొన్ని నెలలు అవి కాపలా కాస్తాయి. తర్వాత తగ్గుతూ వచ్చి, చంపలేని స్థాయికి దిగిపోతాయి గానీ ఇంకా పట్టుకునే బలం ఉంటుంది, అప్పుడే చేటు. 1960లలో బ్యాంకాక్‌లో స్కాట్ హాల్‌స్టెడ్ అనే డాక్టరు బృందం ఇది గమనించింది. ముదిరిన డెంగ్యూతో వచ్చేవాళ్ళు రెండు గుంపులు: రెండోసారి సోకిన పెద్దపిల్లలు, మొదటిసారే సోకిన ఏడాది లోపు పసివాళ్ళు, ఆ పసివాళ్ళ తల్లులకి ముందే డెంగ్యూ వచ్చి ఉంది. నికరాగువాలో తర్వాత పిల్లల్లో కొలిచి చూస్తే, యాంటీబాడీలు అసలు లేనివాళ్ళూ బాగా ఉన్నవాళ్ళూ కాదు, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకే డెంగ్యూ ముదిరే అవకాశం ఏడెనిమిది రెట్లు ఎక్కువగా కనపడింది.

మా పాపకి ఆరో నెల వచ్చేసరికి నేను పిల్లల డాక్టరుకి ఈ సంగతి చెప్పి పెట్టాను. మీరు కూడా చెప్పి పెట్టండి. అయిదారు నెలల నుంచి తొమ్మిది నెలల దాకా, వానాకాలమైతే మరీ, బిడ్డకి జ్వరం వస్తే పళ్ళు వస్తున్నాయిలే అని ఊరుకోవద్దు. పాలు మాన్పించవద్దు, పాలే ఆధారం. పాలు లాగకపోయినా, వాంతులవుతున్నా, చేతులూ కాళ్ళూ చల్లబడుతున్నా, డైపర్ చాలాసేపు తడవకపోయినా, జ్వరం తగ్గిందని సంతోషించకుండా ఆ గంటలోనే తీసుకెళ్ళండి. వెళ్ళగానే "నాకు ముందు డెంగ్యూ వచ్చింది" అని చెప్పండి.